మందు మానిన చేనులో దుక్కి మాటేమిటి?

తుంగభద్ర ఆయకట్టులోనైనా, బళ్ళారి–రాయచూరు మెట్టభూములలోనైనా రసాయనిక ఎరువులు, పురుగుమందులు మానుకొని సేంద్రియ సేద్యానికి మళ్ళిన రైతులు నేడు చాలా హోబళులలో కొందరైనా కనిపిస్తున్నారు. అటువంటివారు నలుగురు కలుసుకున్నచోట సాగే చర్చ ఏ కషాయం ఏ పురుగుకు పనిచేస్తుంది, జీవామృతం ఎన్నాళ్ళకొకసారి పారించాలి, పశువులు తగ్గిన ఊళ్ళో పేడ ఎక్కడినుండి తేవాలి అన్న విషయాల చుట్టూ తిరుగుతుంది. నేలను ఎన్నిసార్లు దున్నాలి, ఎంత లోతున దున్నాలి, దేనితో దున్నాలి అన్న ప్రశ్న మాత్రం అరుదుగా వినవస్తుంది. దుక్కి రసాయనం కాదు గనుక దానివల్ల నేలలోని ప్రాణులకు హాని ఉండదన్న భావన మనలో పాతుకొని ఉన్నది. ఈ భావన ఎంతవరకు నిజమో పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నిజానికి సేంద్రియ రైతుకు దుక్కి అవసరం ఇతరులకంటె ఎక్కువే. రసాయనిక సేద్యం చేసేవాడు కలుపుమందు చల్లి, నేలను కదిలించకుండానే విత్తనం వేయగలడు. అమెరికా, బ్రెజిల్, అర్జెంటీనా దేశాలలో కోట్ల ఎకరాలకు వ్యాపించిన దున్నని సేద్యం చాలావరకు గ్లైఫోసేట్ వంటి కలుపుమందుల ఆసరాతో నిలిచినదే. ఆ దారి మూసుకున్న సేంద్రియ రైతు చేతిలో మిగిలినవి నాగలి, గుంటక, కొడవలి, కూలివారి చేతులు. కూలివారు దొరకని ఋతువులో మిగిలేది ట్రాక్టరు ఒక్కటే. చిక్కంతా ఇక్కడే ఉన్నది. నేలలోని జీవాన్ని కాపాడడానికి మందు మానిన రైతు, మందు మానినందువల్లనే ఆ జీవాన్ని మరింత తరచుగా ఇనుముకు అప్పగించవలసి వస్తున్నది.

మట్టిలో ఉండేవారెవరు?

నేలలో నివసించే జంతువులను శాస్త్రజ్ఞులు శరీరం మందాన్ని బట్టి మూడు తరగతులుగా విభజిస్తారు. మిల్లీమీటరులో పదోవంతు కంటె సన్ననివి మొదటి తరగతి; ఏకకణ జీవులు, నులిపురుగులు ఇందులోనివి. పదోవంతు నుండి రెండు మిల్లీమీటర్ల వరకు ఉండేవి రెండవ తరగతి. మట్టి నల్లులు, కొలెంబోలా అనే గెంతుడు పురుగులు, తెల్ల దారపు పోగువంటి బుల్లి వానపాములు దీనికి చెందుతాయి. వాటికి మించినవి మూడవ తరగతి; మనకు బాగా పరిచయమైన వానపాములు, చీమలు, చెదలు, జెర్రులు, పేడపురుగులు అన్నీ ఇక్కడివే. వానపామును గురించి మన పత్రికలలో కావలసినంత వచ్చింది. మొదటి రెండు తరగతులవారి గొడవ పట్టించుకున్నవారు తక్కువ.

నులిపురుగు అనగానే దానిమ్మ, టమాటా రైతులకు వేళ్ళమీద బుడిపెలు గుర్తుకువస్తాయి. అవి నిజమే గాని, నులిపురుగులలో వేళ్ళను పీల్చేవి ఒక వర్గం మాత్రమే. మిగిలినవి బాక్టీరియాను తినేవి, శిలీంధ్రాలను తినేవి, తోటి నులిపురుగులనే వేటాడేవి. భూమి పైపొరలో ఉన్న నులిపురుగుల సంఖ్యను 2019లో ఒక అంతర్జాతీయ బృందం లెక్కకట్టగా, 44 పక్కన పందొమ్మిది సున్నలు చేర్చవలసి వచ్చింది. కీళ్ళకాళ్ళు గల నేలజీవుల లెక్క 2023లో వచ్చింది. ఆ సంఖ్య ఒకటి పక్కన పందొమ్మిది సున్నలు. అందులో సుమారు 95 శాతం మట్టి నల్లులు, గెంతుడు పురుగులే.

గెంతుడు పురుగు పొట్ట కింద ఫోర్కు ఆకారంలో ఒక అవయవం మడతపడి ఉంటుంది. ఆపద కలిగితే దానిని ఒక్కసారిగా నేలకు తన్ని గాలిలోకి ఎగురుతుంది. లోతున చీకటిలో జీవించే జాతులకు కళ్ళూ ఉండవు, ఈ తన్నుడు అవయవమూ ఉండదు. ఒళ్ళు పాలిపోయి తెల్లగా ఉంటుంది. వీటి శిలాజం ఒకటి స్కాట్లండులోని రైనీ అనే గ్రామం వద్ద దొరికింది, వయస్సు సుమారు 40 కోట్ల సంవత్సరాలు. ఇంతటి పాతకాపుకు ఒక బలహీనత ఉన్నది. అది నేలను తవ్వలేదు. వేరు కుళ్ళి వదిలిన దారి, వానపాము విడిచిన బిలం, మట్టిరేణువుల నడుమ సందు, వీటిలోనే దాని కాపురం. మట్టి నల్లులలో అధికభాగం స్థితి కూడా ఇదే. ఇల్లు ఇతరులు కట్టి ఇవ్వాలి, తాము చేరాలి. దుక్కి ప్రభావాన్ని అర్థం చేసుకోవడానికి ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే సగం తెలిసినట్లే.

ఇక నులిపురుగు మట్టిరేణువును అంటిపెట్టుకొని ఉన్న పలుచని నీటిపొరలో ఈదుతుంది. నీరు ఆరిపోతే కొన్ని జాతులు ఒళ్ళు ముడుచుకొని, ప్రాణవ్యాపారాలన్నీ దాదాపుగా నిలిపివేసి, వాన వచ్చేవరకు ఎండిన పోగులాగా పడి ఉండగలవు. మన మెట్టభూములలో వేసవి దాటగలిగేది ఇటువంటి ఉపాయం తెలిసినవి, లేదా తేమవెంట లోతుకు దిగగలిగినవి.

వీటివల్ల పైరుకు కలిగే మేలు ఊహించుకున్నదికాదు, కొలిచి చూసినదే. బాక్టీరియా శరీరంలో నత్రజని పాలు ఎక్కువ. దానిని తిన్న నులిపురుగుకు అంత నత్రజని అవసరం లేదు. మిగిలినదానిని అమ్మోనియం రూపంలో విసర్జిస్తుంది. అది నేరుగా వేరుకు అందే ఆహారం. పేడ ఎరువు వేసిన వెంటనే పైరు పచ్చబడకపోవడానికి, కొన్ని వారాల తరువాత పచ్చబడడానికి మధ్య ఈ మేసేవారి పాత్ర ఉన్నది. గెంతుడు పురుగులు, నల్లులు బూజును మేస్తాయి, రాలిన ఆకును కొరికి ముక్కలు చేస్తాయి, శిలీంధ్రాల బీజాలను ఒకచోటి నుండి మరొకచోటికి చేరవేస్తాయి. వేటాడే నల్లులు నులిపురుగులను, ఇతర పురుగుల గుడ్లను తిని అదుపులో పెడతాయి. యూరియా బస్తా వేసే రైతుకు ఈ యంత్రాంగం చెడినా కొంతకాలం తెలియకపోవచ్చు. బస్తా మానిన రైతుకు వేరే ఆధారం లేదు. అందువల్ల దుక్కి ప్రశ్న అతనికే ఎక్కువ ముఖ్యం.

నాగలి దిగినపుడు జరిగేది

నేల తిరగబడినపుడు నలిగి చచ్చేవి కొన్ని, ఎండకు ఒళ్ళారి చచ్చేవి కొన్ని, పక్షులపాలయ్యేవి కొన్ని. ఇది కంటికి కనిపించే నష్టం. దీనికంటె పెద్దది సందులు కూలిపోవడం, పైన ఉండవలసిన చెత్తా చెదారం లోతుకు పోయి పైపొర బోడిగా మిగలడం, తేమ ఆవిరైపోవడం. ఆహారమూ ఇల్లూ ఒకేనాడు స్థలం మారిపోతాయి.

అయితే ఈ దెబ్బ అందరికీ సమానంగా తగలదు. అప్పట్లో న్యూజీలండులో పనిచేస్తున్న డేవిడ్ వార్డిల్ అనే జీవశాస్త్రజ్ఞుడు అంతవరకు జరిగిన ప్రయోగాలన్నిటినీ 1995లో కలిపి పరిశీలించినపుడు ఒక స్థూలమైన క్రమం బయటపడింది. శరీరం పెద్దదైన కొద్దీ దుక్కివల్ల నష్టం ఎక్కువ. వానపాములు, సాలీళ్ళు, పెంకుపురుగులు ఎక్కువగా దెబ్బతింటాయి. నల్లులు, గెంతుడు పురుగులు మధ్యస్థంగా. బాక్టీరియాను తినే నులిపురుగులు ఇంచుమించుగా చెక్కుచెదరవు, ఒక్కొక్కసారి పెరుగుతాయి కూడ.

పరిమాణంతోపాటు లెక్కించవలసినది మరొకటి ఉన్నది, జీవితం నడిచే వేగం. బాక్టీరియాను మేసే నులిపురుగులలో కొన్నిటికి ఒక తరం గడవడానికి కొద్ది రోజులు చాలు. దుక్కి చేసిన వెంటనే గాలి తగిలి బాక్టీరియా విజృంభిస్తుంది, వెనువెంటనే ఇవీ విజృంభిస్తాయి. దీనికి మరో కొసన ఒరిబాటిడ్ నల్లులున్నాయి. ముదురు గోధుమరంగు పెంకుతో, ఆవగింజలో చిన్న ముక్కలాగా మెరిసే ఈ నల్లులు నెమ్మదిగా పెరుగుతాయి, కొద్ది గుడ్లే పెడతాయి. చలిదేశాలలో వాటికి ఒక తరం గడవడానికి ఏడాది, కొన్నిటికి అంతకుమించి కూడ పడుతుంది. ఏటా రెండుమూడు సార్లు తిరగబడే నేలలో అటువంటి ప్రాణి పుంజుకోవడానికి వ్యవధి ఎక్కడిది? నెదర్లాండ్స్‌కు చెందిన టామ్ బాంగర్స్ 1990లో నులిపురుగుల కుటుంబాలకు ఈ వేగాన్నిబట్టి 1 నుండి 5 వరకు అంకెలు కేటాయించి ఒక సూచికను రూపొందించాడు. అలజడి పడ్డ నేలలో ఆ సగటు తగ్గుతుంది, నెమ్మదించిన నేలలో పెరుగుతుంది. అంటే పిడికెడు మట్టిలోని నులిపురుగులను గుర్తుపట్టగలిగినవారు ఆ చేను ఎంతగా కుదుపుకు గురైందో చెప్పగలరన్నమాట.

కనుక దున్నిన నేలలో జీవం లేదనడం తప్పు. సంఖ్య ఉంటుంది, ఒక్కొక్కప్పుడు ఎక్కువే ఉంటుంది. ఉండేవారు మారిపోతారు.

ఈ మార్పును అమెరికాలో జార్జియా విశ్వవిద్యాలయంవారు ఏథెన్స్ పట్టణం వద్ద హార్స్‌షూ బెండ్ అనే క్షేత్రంలో చక్కగా గమనించారు. 1980లలో వెలువడిన వారి పరిశీలనల ప్రకారం, దున్నిన మడిలో ఎరువూ ఆకూ మట్టిలో కలిసిపోవడంతో బాక్టీరియా, దానిని తినేవారు ఆధిక్యం వహించారు. పదార్థం త్వరగా కరిగింది. దున్నని మడిలో ఆకు పైనే ఉండి బూజు పట్టింది. బూజును మేసేవారు, వానపాములు పెరిగారు. పదార్థం నిదానంగా కరిగి నేలలో ఎక్కువకాలం నిలిచింది. దుక్కి చేసిన ఏడు పైరు ఏపుగా పెరగడం మన రైతులు ఎరిగినదే. ఆ ఏపు వట్టి భ్రమ కాదు, త్వరగా కరిగిన పదార్థంలోని నత్రజనే. అయితే ఎరువు వేయకుండా ఏటా అదే పని చేస్తే విత్తనపు గింజలు వండుకు తిన్నట్లే అవుతుంది.

స్విట్జర్లండు అనుభవం

మందు మానడంవల్ల కలిగే మేలెంత, దుక్కి తగ్గించడంవల్ల కలిగే మేలెంత అన్నది విడదీసి చూడడానికి స్విట్జర్లండులో దీర్ఘకాలంగా సాగుతున్న రెండు ప్రయోగాలు ఉపయోగపడతాయి.

మొదటిది బాసెల్ సమీపంలోని తెర్విల్ గ్రామంలో 1978లో ఆరంభమైనది. అక్కడ సేంద్రియ పద్ధతినీ రసాయనిక పద్ధతినీ పక్కపక్క మళ్ళలో, ఒకే పంటల వరుసతో, ఇంచుమించు ఒకే తీరు దుక్కితో సాగిస్తున్నారు. 21 సంవత్సరాల ఫలితాలు 2002లో ప్రకటించినపుడు సేంద్రియ మళ్ళలో దిగుబడి సగటున 20 శాతం తక్కువ అని తేలింది. వానపాములు మాత్రం 1.3 నుండి 3.2 రెట్లు ఎక్కువగా కనిపించాయి. ఇక్కడ దుక్కి రెండువైపులా ఉన్నదే. కాబట్టి పేడ ఎరువు వేసి మందు మానితే, దున్నుతూ ఉన్నా మేలు తప్పక కలుగుతుందని ఈ ప్రయోగం చెబుతున్నది. దుక్కిని నిందించేవారు ఈ సంగతిని మరచిపోరాదు.

రెండవది ఫ్రిక్ అనే ఊళ్ళో 2002లో అక్కడి సేంద్రియ వ్యవసాయ పరిశోధనా సంస్థ మొదలుపెట్టినది. అక్కడ అన్ని మళ్ళూ సేంద్రియమే; తేడా దుక్కిలోనే. కొన్నిటిని నేల తిరగబడే నాగలితో దున్నారు, మిగిలినవాటిని తిరగవేయకుండా పైపైన కదిలించారు. నేల మన నల్లరేగడిని గుర్తుకుతెచ్చే జిగురు బంకనేల. తొలి ఏళ్ళలో దుక్కి తగ్గించిన మళ్ళలో గోధుమ దిగుబడి 14 శాతం పడిపోయింది, ఎందుకంటే వసంతంలో నత్రజని విడుదల ఆలస్యమైంది. పొద్దుతిరుగుడు మాత్రం కొంచెం ఎక్కువే పండింది. కలుపు పెరిగింది, ముఖ్యంగా ఏళ్ళతరబడి బ్రతికే మొండి కలుపు. మరోవైపు పైన పది సెంటీమీటర్ల పొరలో సేంద్రియ కర్బనం పెరిగింది, సూక్ష్మజీవుల రాశి పెరిగింది, కొన్నేళ్ళకు వానపాముల పిల్లలు, గుడ్ల తిత్తులు గణనీయంగా ఎక్కువయ్యాయి. లాభమూ నష్టమూ రెండూ ఉన్న ఇటువంటి ఫలితాన్నే నేను నమ్ముతాను. అన్నీ లాభాలేనని చెప్పే ప్రదర్శనా క్షేత్రాలమీద నాకంత నమ్మకం లేదు.

వానపాముల విషయంలో సాక్ష్యం మరింత గట్టిది. 40కి పైగా దేశాలలో జరిగిన 215 క్షేత్రపరిశోధనలను 2017లో క్రోడీకరించినపుడు, నేలను తిరగవేసే దుక్కితో పోలిస్తే దున్నని నేలలో వానపాముల సంఖ్య సగటున 137 శాతం అధికమని తేలింది. గెంతుడు పురుగుల విషయంలో ఇంత ఏకవాక్యత లేదు. కొన్ని ప్రయోగాలలో దుక్కి తగ్గిస్తే పెరిగాయి, కొన్నిటిలో తేడా స్వల్పం, కొన్నిటిలో లోతున ఉండే తెల్ల జాతులు తగ్గాయి కూడ. ఎందుకు? అవి తవ్వలేవని పైన చెప్పుకున్నాం. దున్నడం మానిన నేల, వానపాములూ వేళ్ళూ ఇంకా దారులు వేయకముందే, గట్టిపడి సందులు మూసుకుపోతే వాటికి నిలువనీడ ఉండదు.

దున్నకపోవడమే మందు కాదు

ఈ చివరి మాట మన ఎర్రనేలలకు బాగా వర్తిస్తుంది. ఎర్ర చెలక వానకు తడిసి ఎండకు ఆరితే పైన పెంకు కడుతుంది. వాననీరు ఇంకక పారిపోతుంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో 1988 నుండి కొన్నేళ్ళపాటు ఎర్రనేలలో ఒక ప్రయోగం జరిపారు. దున్నని మడి, 10 సెంటీమీటర్లు దున్నిన మడి, 20 సెంటీమీటర్లు దున్నిన మడి, వీటిలో ఒక్కొక్కదానిని బోడిగా ఒకచోట, పశువుల ఎరువుతో ఒకచోట, వరిగడ్డి కప్పి ఒకచోట ఉంచి పరిశీలించారు. దుక్కివల్ల నీరు ఇంకడం పెరిగినా ఆ గుణం కొద్ది వానలతోనే తీరిపోయింది. గడ్డి కప్పిన చోట నీరు పారిపోవడం స్పష్టంగా తగ్గింది. కనుక బోడినేలను దున్నక విడిచిపెట్టడం ప్రకృతి సేద్యం కాబోదు. కప్పడం ముందు, దుక్కి తగ్గించడం తరువాత.

మెట్టభూములలో వానపాముల పనిని చాలావరకు చీమలు, చెదలు చేస్తాయి. చెదలన్న మాట వింటేనే మన రైతు ఉలిక్కిపడతాడు. చెరుకు, వేరుశనగ రైతుకు ఆ భయం అకారణం కాదు. కాని పశ్చిమ ఆస్ట్రేలియాలోని వర్షాభావ ప్రాంతపు గోధుమచేలలో జరిగిన ఒక ప్రయోగ ఫలితం 2011లో వెలువడింది. చీమలు, చెదలు ఉన్న మళ్ళలో, వాటిని తొలగించిన మళ్ళకంటె దిగుబడి 36 శాతం ఎక్కువ వచ్చింది. వాటి సొరంగాలలో నుండి నీరు బాగా దిగడం, నేలలో నత్రజని పెరగడం దీనికి కారణాలుగా గుర్తించారు. తినడానికి ఎండుగడ్డి, ఆకు పైన ఉన్నపుడు చెదలు పచ్చని మొక్క జోలికి పోవడం తగ్గుతుందని అనుభవజ్ఞులైన రైతులు చెబుతారు; నాకూ అది సబబుగానే తోస్తున్నది.

మన పనిముట్ల సంగతి

పాతకాలపు మడక నేలను తిరగవేయదు. ఆంగ్ల అక్షరం వి ఆకారంలో చాలు తీస్తూ పోతుంది, చాలుకూ చాలుకూ నడుమ కదలని మట్టి కొంత మిగులుతుంది. ఆ మిగిలిన కట్టే చిరుజీవులకు తలదాచుకునే చోటు. గుంటక, కన్నడసీమలో కుంటె, ఇంకా నయం. దాని బద్దె రెండుమూడు అంగుళాల లోతున అడ్డంగా జారుతూ కలుపు వేళ్ళను కోస్తుంది, పైచెత్తను పైనే ఉంచుతుంది. అమెరికా మైదానాలలో 1930ల దుమ్ము తుఫానుల తరువాత రూపొందిన మోడుకోత పనిముట్లు ఇదే సూత్రంమీద పనిచేస్తాయి. అలాగని పాతదంతా పవిత్రమని చెప్పబోను. ఆరేడు సాళ్ళు అడ్డంగా నిలువుగా మడక దున్నిన తాతలనాటి దుక్కి కూడ నేలను పిండి చేసినదే.

అన్నిటిలోకీ కఠినమైనది రోటవేటరు. నిమిషానికి సుమారు 200 చుట్లు తిరిగే దాని కత్తులకింద మట్టి కణికలు, సందులు, వానపాములు, బిలాలు అన్నీ ఒక్కటై పొడి అవుతాయి. ఒక్క పర్యాయంలో నేల విత్తనానికి సిద్ధమవుతుంది, గంటల లెక్కన బాడుగ తక్కువ పడుతుంది, అందుకే అది ఊరూరా వ్యాపించింది. కలుపు పోతుందన్న నమ్మకం మాత్రం తరచి చూడవలసినదే. గరిక, తుంగ ఉన్న చేనులో రోటవేటరు తిప్పితే గరిక కాడ పది ముక్కలై పదిచోట్ల మొలుస్తుంది. తుంగ గడ్డలు చేనంతా పరుచుకుంటాయి. జీవామృతం పారించే చేనులోనే ఋతువుకు రెండుసార్లు రోటవేటరు తిరగడం ఈ ప్రాంతంలో వింత కాదు. ఒక చేత్తో పోసి రెండో చేత్తో తోడినట్లున్నది.

వేసవి లోతుదుక్కి విషయం అంత సులభంగా తేలదు. వేరుశనగను నాశనం చేసే ఎర్ర బొంతపురుగు పంట తరువాత నేలలోకి దిగి కోశస్థ దశలో మరుసటి తొలకరి వరకు ఉంటుంది. ఎండాకాలంలో దున్ని దానిని ఎండకూ కాకులకూ అప్పగించడం మందు లేని రైతుకున్న గట్టి ఆయుధం. మేలుచేసే జీవులకూ అదే సమయంలో దెబ్బ తగులుతుందన్నది నిజం. నా అభిప్రాయంలో ఆ పురుగు గత ఏడు విరుచుకుపడిన చేనులో దుక్కి మానమనడం అన్యాయం. పురుగు కనబడని చేనులోనూ అలవాటుగా ఏటా లోతున దున్నడం మాత్రం అనవసరం. కొన్నేళ్ళకొక పర్యాయం లోతుదుక్కి, మధ్య ఏళ్ళలో గుంటకతో సరిపెట్టడం అన్నది మధ్యేమార్గం.

వరిపొలానిది వేరే లోకం. గంగావతి, సింధనూరు క్యాంపులలోని మన తెలుగు రైతులు చేసే దమ్ము నేలనిర్మాణాన్ని కావాలనే చెరిపివేస్తుంది, నీరు దిగకుండా. అక్కడ గాలి పీల్చే నల్లులకు, గెంతుడు పురుగులకు చోటు తక్కువ. కాని నీటిలో బ్రతికే ట్యూబిఫెక్స్ జాతి సన్నని ఎర్రపురుగులు ఉంటాయి. తల బురదలో, తోక నీటిలో పెట్టుకొని, కింది మట్టిని తిని పైన విసర్జిస్తాయి. క్రమంగా మీగడవంటి మెత్తని పొర ఏర్పడి చిన్న కలుపు విత్తనాలు మొలవలేని లోతుకు కూరుకుపోతాయి. జపానులో కొందరు సేంద్రియ వరిరైతులు చలికాలంలో కూడ పొలంలో నీరు నిలిపి, తవుడు చల్లి, ఈ పొరను బుద్ధిపూర్వకంగా పెంచుతారు. కాలువ నీటికోసం కన్నులు కాయలుకాసే మన కడపటి ఆయకట్టులో ఆ విలాసం సాధ్యం కాదు. కాని నాగలి చేసే కలుపు పనిని ఒక పురుగు చేయగలదన్నది ఊరకే పోనివ్వదగిన విషయం కాదు.

గట్టు మన్ను

సుభాష్ పాలేకర్ చెప్పిన జీవామృతంలో 200 లీటర్ల నీటికి పేడ, ఆవు పంచితం, బెల్లం, పప్పుపిండితోపాటు గుప్పెడు గట్టు మన్ను కలపాలని ఉన్నది. చేని మన్ను కాదు, గట్టు మన్నే. నాగలి తగలని చోట జీవం వేరుగా ఉంటుందన్న గుర్తింపు ఈ చిన్న నియమంలో ఉన్నది. డ్రమ్ములో నాలుగు రోజులకు సూక్ష్మజీవులు పెరగవచ్చు. నల్లులు, గెంతుడు పురుగులు అందులో పెరగవు. అవి గట్టునుండి తమంతట తామే చేనులోకి రావాలి. రెక్కలు లేనివి, అడుగుల లెక్కన నడిచేవి. మధ్య అంతా బోడిగా ఎండిన నేల ఉంటే రాలేవు. అందువల్ల గట్లను గీకి సన్నగించడం, గట్టుమీది గడ్డిని తగులబెట్టడం, సర్వేరాయి వరకు దున్నడం అన్నవి చేనికి విత్తనపు గాదెను ఖాళీ చేయడమే.

పొరుగున ఉన్న ఆంధ్రప్రదేశ్‌లో ప్రకృతి వ్యవసాయం చేసే రైతులు కొన్నేళ్ళుగా తొలకరికి ముందే పలురకాల ధాన్యాలు, పప్పులు కలిపి పొడి నేలలో చల్లి ఏడాదిలో ఎక్కువ రోజులు నేలమీద పచ్చదనం ఉండేలా చూస్తున్నారు. వేరు ఉన్నచోట బూజు, బూజు ఉన్నచోట దానిని మేసేవారు ఉంటారు గనుక, చిరుజీవుల దృష్టితో చూస్తే ఇది సరైన దిశలో ఉన్న పని. నీటి వసతి లేని చోట తొలివాన తప్పితే మొలక ఎండిపోతుందన్న భయమూ ఉన్నది.

తన చేనులో ఏమున్నదో తెలుసుకోవడానికి రైతు ప్రయోగశాలకు పోనక్కరలేదు. ఇటలీకి చెందిన ఆంటోనియో బెర్లేసే 1905లో ఒక గరాటు తయారుచేశాడు. మట్టిని పైనుండి వేడిచేస్తే చిరుజీవులు తేమనూ చీకటినీ వెతుక్కుంటూ కిందికి దిగి గరాటులో నుండి జారిపడతాయి. స్వీడన్ శాస్త్రజ్ఞుడు టుల్‌గ్రెన్ తరువాత దానికి దీపం జోడించాడు. రెండు లీటర్ల ప్లాస్టిక్ సీసాను పైభాగాన కోసి, మూతి ఉన్న ముక్కను తలకిందులుగా కింది ముక్కలో అమర్చి, లోపల దోమతెర ముక్క పరిస్తే మన గరాటు సిద్ధం. పైపొర నుండి రెండంగుళాల మందాన మట్టిగడ్డను చిదపకుండా తీసి, పైభాగం కిందికి వచ్చేటట్లు ఉంచి, జానెడు ఎత్తున పాతకాలపు 40 వాట్ల బల్బు వెలిగించాలి; ఎల్ఈడీ దీపానికి ఆ వేడి చాలదు. కింద కొంచెం స్పిరిట్ లేదా తడికాగితం పెట్టి నాలుగైదు రోజులు ఆగి, పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దంతో చూడాలి. నులిపురుగులు ఇందులో పడవు. వాటికి మట్టిని గుడ్డలో కట్టి నీటిలో మునిగేలా ఒక రాత్రి ఉంచాలి, చూడడానికి సూక్ష్మదర్శిని కావాలి.

వేసవిలో ఈ పని చేస్తే ఏమీ కనబడక నిరాశ కలుగుతుంది. మంచి వాన పడిన వారం పదిరోజులకు, గట్టునుండి ఒక గడ్డ, చేను నడుమనుండి ఒక గడ్డ, వీలైతే రోటవేటరు తిరగని పొరుగు చేనునుండి ఒకటి తీసి పక్కపక్కన పెట్టుకోవాలి. తెల్లగా మెత్తగా చురుకుగా కదిలేవి గెంతుడు పురుగులు. మెరిసే గోధుమరంగు చుక్కల్లాగా నిదానంగా నడిచేవి ఒరిబాటిడ్ నల్లులు. గట్టు మట్టిలో ఈ నల్లులు ఉండి చేని మట్టిలో ఒక్కటీ లేకపోతే, ఒక మడిని రోటవేటరు తగలకుండా, ఆచ్ఛాదనతో కప్పి విడిచి, మరుసటి వానకాలం అదే వారంలో మళ్ళీ చూడవచ్చు. గెంతుడు పురుగులు ఆ ఏడే కనిపించవచ్చు. నల్లులు చేరడానికి రెండు మూడు వానకాలాలు పట్టినా ఆశ్చర్యపడనవసరం లేదు.